మన పద్యానికి సరిపోయే తెర

ఏ ఈ-రీడర్ కొనాలని జనగామలో టీచర్లు అడుగుతుంటారు. మానుకోట (మహబూబాబాద్)లో గ్రూప్స్‌కు చదివే పిల్లలు అడుగుతారు. భూపాలపల్లిలో సింగరేణి నుంచి రిటైరైన పెద్దాయన ఒకరు ఫోన్ చేసి, "కండ్లు గుంజుతున్నయి బిడ్డా, ఫోన్ల చదువుడు నాతోని అయితలేదు, తక్కువ ధరల ఏదన్న ఉంటె చెప్పు" అన్నారు. అందరికీ నా మొదటి మాట ఒకటే. కొనేముందు మీరు చదవబోయే పుస్తకం ఏ రూపంలో ఉందో చూడండి. ఇంగ్లిష్ నవలలు చదివేవాళ్లకు ఈ ఆలోచన అక్కర్లేదు. తెలుగు చదివేవాళ్లకు మాత్రం ఎంత ఖర్చవుతుందో తేల్చేది ఇదే.

మన దగ్గర ఈ-బుక్ పేరుతో తిరిగేవాటిలో చాలావరకు అచ్చు పుస్తకానికి తీసిన ఫొటోలు. కొన్ని మాత్రమే నిజంగా అక్షరాలున్న ఫైళ్లు. తేడా తెలుసుకోవడం తేలికే. ఫోన్‌లో పుస్తకం తెరిచి ఒక మాట మీద వేలు నొక్కిపట్టండి. ఏమీ కాకపోతే అది ఫొటో. ఆ మాటొక్కటే రంగు మారితే అక్షరాలున్నట్టే. అప్పుడు దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. తెలుగు బదులు పిచ్చి గుర్తులు వచ్చాయంటే అది చాలావరకు అను ఫాంట్లలో కూర్చిన పుస్తకమే. మన ప్రచురణ సంస్థలు ఏళ్లతరబడి పేజ్‌మేకర్‌లో ఆ ఫాంట్లతోనే పుస్తకాలు కూర్చాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్దడం పెద్ద చాకిరీ. అందుకే తెలుగులో పీడీఎఫ్ దొరికినంత సులువుగా ఈపబ్ దొరకదు. ఈపబ్‌లో అక్షరం పెంచితే వరుసలు వాటంతట అవే సర్దుకుంటాయి. పీడీఎఫ్‌లో పెంచితే పేజీ తెర దాటిపోతుంది.

ఇక కొలతలు. 6 అంగుళాల తెర అన్నది మూల నుంచి మూలకు కొలత. వెడల్పు సుమారు 9 సెంటీమీటర్లు, ఎత్తు 12. మామూలు డెమ్మీ సైజు పుస్తకం పేజీ వెడల్పు 14, ఎత్తు 21 పైచిలుకు. ఆ పేజీని మొత్తంగా తెరలో ఇరికిస్తే అక్షరం ఇంచుమించు సగమవుతుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలల్లో ఉన్నాయి. నాకు వాటి మీద ప్రాణం. వాటిని చిన్న తెర మీద చదవడానికి ఒక ఉపాయం ఉంది. పేజీ చుట్టూ ఉన్న తెల్ల అంచులు కత్తిరించి, తెరను అడ్డంగా తిప్పుకోవాలి. అప్పుడు అక్షరం అచ్చులో ఉన్నంతే కనిపిస్తుంది. ఒక్కో పేజీని రెండు విడతల్లో చదవాలి, అంతే. కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ సదుపాయాలన్నీ ఉన్నాయి. అది ఆండ్రాయిడ్ ఫోన్లలో, ట్యాబ్లలో కూడా పనిచేస్తుంది కాబట్టి పైసా పెట్టకముందే పరీక్షించి చూసుకోవచ్చు.

తెర వెడల్పు గురించి నాకు బాగా నేర్పింది మన ప్రాంత కవులే. పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి, పోతన బమ్మెర ఇప్పుడు జనగామ జిల్లాలో ఒకే మండలంలో ఉన్నాయి. సోమన మామూలు జనం కోసం ద్విపదను ఎంచుకున్నాడు. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం కలిపి పాదానికి 11 నుంచి 15 అక్షరాలు. కళ్లజోడు అక్కర్లేనంత పెద్ద అక్షరంతో పెట్టినా 6 అంగుళాల తెర మీద ఆ పాదం ఒక్క వరుసలో ఒదుగుతుంది. పోతన వృత్తాలు అలా కాదు. శార్దూలానికి 19, ఉత్పలమాలకు, మత్తేభానికి 20, చంపకమాలకు 21 అక్షరాలు. అక్షరం కాస్త పెంచామా, పాదం విరిగి చివరి రెండు మూడు అక్షరాలు కింది వరుసలోకి జారతాయి. వచనంలో అలా జారితే నష్టం లేదు. ఈ వృత్తాల్లో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. పాదాలు సరిగా అమరితే ఆ అక్షరాలు పైనుంచి కిందికి ఒకే తీరుగా కనిపిస్తాయి, నోరు తెరవకముందే కంటికి నడక అందుతుంది. పాదం విరిగితే ఆ వరస చెదిరిపోతుంది. భాగవతం చదివేవాళ్లు తెర అడ్డంగా తిరిగే ఈ-రీడరే తీసుకోవాలి. అడ్డంగా 12 సెంటీమీటర్లలో చంపకమాల హాయిగా నిలుస్తుంది. పోతన భాగవతం తెలుగు వికీసోర్స్‌లో యూనికోడ్‌లో ఉంది. అక్కడి పుస్తకాలను ఈపబ్‌గా దించుకోవచ్చు, దించుకునేటప్పుడే ఫాంటునూ జతచేసుకోవచ్చు.

తెర ఎంత సన్నగా అక్షరాన్ని గీస్తుందన్నది మనకు ఇంగ్లిష్ పాఠకుల కంటే ముఖ్యం. ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. వత్తులు అసలు అక్షరంలో సగం కూడా ఉండవు. 2019లో వచ్చిన మామూలు కిండిల్ తెరలో అంగుళానికి 167 చుక్కలే. 2018 కిండిల్ పేపర్‌వైట్‌లో 300. రెండూ 6 అంగుళాలవే, పాత సరుకుగా రెండూ దొరుకుతాయి. ఒక ఏడాది కొత్తది కదా అని 2019 దానివైపు మొగ్గకండి. తెలుగుకు 300 ఉన్నదే సరైనది, పైగా దానికి నీటి నుంచి రక్షణ కూడా ఉంది. పాతది కొనేటప్పుడు అమ్మే మనిషి తన ఖాతాను అందులోంచి తీసేశాడో లేదో మీ కళ్లముందే చూడండి.

ఏది కొన్నా ముందు అందులో మూడు మాటలు తెరిచి చూడాలి: రాష్ట్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం. వత్తులు అక్షరం కిందికి చేరకుండా పక్కన పడినా, పొల్లు విడిగా తేలినా దాన్ని తిరిగి ఇచ్చేయండి. వత్తులు కుదిరాయంటే వరుసల మధ్య ఎడం పెంచుకోండి. ఈ-రీడర్లలో ముందుగా పెట్టి ఉండే ఎడం ఇంగ్లిష్ లిపి కొలతకు సరిపోయేది. మన పై వరుస వత్తు వెళ్లి కింది వరుస గుడికి తగులుతుంది. రెండు అంచులూ సమంగా ఉండే అమరిక మానేసి ఎడమకు పెట్టుకుంటే, సమాసాలు పొడుగైనప్పుడు మాటల మధ్య పెద్ద ఖాళీలు రావు. కిండిల్‌లో ఫాంట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. మండలి, సూరన్న, రామభద్ర లాంటి ఉచిత తెలుగు ఫాంట్లు అందులో వేసి, ఏది మీ కంటికి నప్పుతుందో చూసుకోండి.

ధరల సంగతికొస్తే, 2012 ఆగస్టులో కిండిల్ మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు 6,999 రూపాయలు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త పేపర్‌వైట్ అప్పటి ధర 16,999. తెలుగు పుస్తకాల కోసమే కొనేవాళ్లు ఆ తేడా భరించాల్సిన పని లేదని నా గట్టి అభిప్రాయం. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్ దుకాణంలో భారతీయ భాషలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. తెలుగు రాలేదు. మన పుస్తకాలు మనమే బయటినుంచి తెచ్చి ఎక్కించుకోవాలి. తీగతో నేరుగా వేసిన ఈపబ్‌ను కిండిల్ చూపించదు. సెండ్ టు కిండిల్ ద్వారా పంపాలి, లేదా క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మార్చి వేయాలి. యూనికోడ్ పుస్తకాలు చాలా చిన్న ఫైళ్లు కాబట్టి ఎక్కువ స్టోరేజీకి డబ్బు పెట్టకండి. రంగు తెరకూ పెట్టకండి.

మానుకోట పిల్లలకు మాత్రం కొనవద్దనే చెబుతాను. వాళ్లు చదివేవి పట్టికలతో నిండిన ఏ4 పీడీఎఫ్‌లు. చిన్న ఈ-ఇంక్ తెర వాటికి పనికిరాదు, పది అంగుళాల పాత ట్యాబ్ చాలు. ముఖ్యమైన కాగితాలు జిరాక్స్ తీయించుకుంటే ఇంకా నయం.

అదనంగా తప్పనిసరిగా కొనాల్సింది గట్టి కవర్ ఒక్కటే. ఈ-ఇంక్ తెర లోపలి గాజు చాలా పలుచన. బస్సులో పరకాల దాటాక ఒక్క కుదుపుకు సంచిలో టిఫిన్ డబ్బా దాని మీద పడితే చాలు. భూపాలపల్లిలో బొగ్గు దుమ్ము ఉంటుంది కాబట్టి జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచి కూడా పెట్టుకోవాలి, చార్జింగ్ రంధ్రం పూడుకోకుండా ఉంటుంది. కంప్యూటర్ లేనివాళ్లు ఫోన్ నుంచి పుస్తకాలు వేసుకోవడానికి ఒక ఓటీజీ తీగ కొనుక్కోవాలి. స్క్రీన్ గార్డు, వేరే చార్జరు అక్కర్లేదు.

పుస్తకాల గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లదాకా హక్కులు వారసులవి. వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో పోయారు. దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. ఆయన బతికుండగా అచ్చయిన రచనలు 2022 జనవరి నుంచి అందరివీ. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా చినగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య 2015లో పోయారు. ఆయన పుస్తకాల హక్కులు ఇంకా వారసులవే. ఆయన నవల 'చిల్లర దేవుళ్లు' స్కాన్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోందని ఎవరైనా పంపితే తీసుకోకండి. అచ్చు పుస్తకం కొనండి, కొన్నప్పుడు యూనికోడ్ ఈపబ్ కూడా ఇమ్మని ప్రచురణకర్తను అడగండి. అడిగేవాళ్లు పెరిగితే వాళ్లూ ఆ చాకిరీకి పూనుకుంటారు. హక్కులు తీరిన పుస్తకం ఇంకా ఫొటోగానే ఉంటే వికీసోర్స్‌లో ఖాతా తెరవండి. ఒకవైపు స్కాన్ పేజీ, మరోవైపు ఓసీఆర్ (ఫొటోలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్) చదివిన పాఠం కనిపిస్తాయి. ఓసీఆర్ ధ బదులు ద అని చదివినచోట దిద్ది భద్రపరిచి, తరవాతి పేజీకి వెళ్లండి.