నారింజ చెట్టూ, తపాలా బిళ్ళా

ఇర్వింగ్‌లో ఒక మిత్రుల ఇంట భోజనాలయ్యాక వారి అమ్మాయి తన ఆల్బమ్ మా ముందు పెట్టింది. అన్నీ నారింజ, నిమ్మ, పంపర పనస బొమ్మలున్న తపాలా బిళ్ళలే. శ్రమ కనిపిస్తోంది, మెచ్చుకోవలసిందే. కాని బొమ్మ చూసి అంటించుకుంటూ పోతే పళ్ళబుట్ట అవుతుంది గాని సేకరణ కాదు.

1868 నాటి ఆరెంజ్ ఫ్రీ స్టేట్ బిళ్ళనే చూడండి. దాని మీద నారింజ చెట్టూ, మూడు తపాలా కొమ్ములూ. అమ్మాయి దీన్ని 2001 నాటి అమెరికా 34 సెంట్ల నారింజ పక్కన పెట్టింది. దక్షిణాఫ్రికాలోని ఆ రాజ్యానికి పేరు పండు వల్ల రాలేదు, ఆరెంజ్ నది వల్ల వచ్చింది. నదికేమో డచ్చి రాజవంశం పేరు. అంటే ఆ చెట్టు ఉత్త శ్లేష! 1900లో బ్రిటిషువారు ఆక్రమించి, అదే చెట్టు మీద విక్టోరియా రాణి పొడి అక్షరాలు అచ్చుకొట్టారు. ఆ బిళ్ళా ఆల్బమ్‌లో ఉంది, రెండు పేజీల అవతల, రంగు నప్పిందని.

అసలు లోటు వేరు. పేర్లన్నీ ఇంగ్లీషులోనే. నారంగం పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్ అయి, యూరపు చేరి ఆరెంజ్ అయిందని పక్కన రాస్తే, మన నారింజ ఎవరికి చుట్టమో పిల్లకు తెలిసేది.

తండ్రిది నల్లగొండ జిల్లా, బత్తాయి తోటలవారు. "బత్తాయి బిళ్ళ దొరకలేదంకుల్" అంది. ఇటువంటి సేకరణల్లో తపాలా ముద్రలూ, కవర్లూ కూడా చేర్చుకుంటారమ్మా అన్నాను. తోట కాపు గురించి తాతగారు రాసిన ఇన్‌లాండ్ లెటరొకటి బీరువాలో ఉండాలట. పోటీలో దానికి మార్కులు రాకపోవచ్చు. వెతుకుతామన్నారు.