సొంత సినిమా, అద్దె సినిమా

ఇంట్లో కూర్చుని సినిమా చూడ్డం ఈమధ్య ఎంత సులువైపోయిందంటే, పేరు పూర్తిగా పలక్కుండానే టీవీ అందుకుంటోంది. ఆ సినిమాని ఇంట్లో ఉంచుకోవడం మాత్రం కుదరని పనైపోయింది. మొదటి సంగతి ప్రకటనల్లో రోజూ చెబుతూనే ఉన్నారు. రెండోదాన్ని గురించి ఎవరూ మాట్లాడ్డం లేదు గనక నేను మాట్లాడదలుచుకున్నాను.

మా జైనూర్ లాంటి చోట సినిమా చూడ్డమంటే ఒకప్పుడు ప్రయాణమే. ఉట్నూరు వైపు వెళ్లినా, కెరమెరి ఘాటు దిగి ఆసిఫాబాద్ వైపు వెళ్లినా, హీరో కష్టాలకంటే బస్సు కష్టాలే ఎక్కువ గుర్తుండేవి. అందుకే సీడీ వచ్చినప్పుడు మాకది వస్తువులా కాదు, చుట్టంలా వచ్చింది. ఒక్కో సీడీలో గంటా పదిహేను నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది. మన తెలుగు సినిమా నిడివి తెలుసుగా? రెండు సీడీలు తప్పనిసరి, ఒక్కోసారి మూడు. విలన్ కత్తి ఎత్తిన చోట మొదటి సీడీ అయిపోయేది. రెండోది పెట్టేలోగా టీ పెట్టడం, పిల్లల్ని పడుకోబెట్టడం, ఆ కత్తి ఎవరికి తగులుతుందని వాదించుకోవడం అన్నీ అయ్యేవి. సెన్సారు వారికీ దర్శకుడికీ తెలియని ఇంటర్వెల్ అది.

ఒరిజినల్ సీడీ కొనాలంటే మొదట్లో మూడంకెల ధర. సామాన్యులు ఏం కొంటారు? దొంగ సీడీలే రాజ్యమేలాయి. హాల్లో రహస్యంగా తీసిన ఆ కాపీల్లో హీరోయిన్ ఏడుస్తుంటే ముందు వరసలోంచి ఎవరో లేచి వెళ్లిపోయేవారు, ఆ నీడ ఆవిడ ముఖం మీదుగా నడిచేది. తర్వాత మోజర్ బేర్ కంపెనీ వచ్చి వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34 రూపాయలకీ అమ్మడం మొదలుపెట్టింది. కిలో ఉల్లిగడ్డలతోపాటు సంచీలో వేసుకొచ్చే ధర. మా ఇంటి అలమారలో ఉన్న వాటిలో సగం ఆ కాలంవే. ఆ కంపెనీ 2018లో దివాలా తీసి మూతపడింది, డిస్కులు మాత్రం అలమారలోనే ఉన్నాయి. నేనంటున్నది ఇదే. అమ్మినవాడు పోయినా కొన్నవాళ్ల దగ్గర వస్తువు మిగిలింది.

ఇప్పటి పద్ధతిలో ఇది తిరగబడింది. కంపెనీ బ్రహ్మాండంగా ఉంటుంది, మన చందా కూడా సక్రమంగా కట్టి ఉంటుంది, సినిమా మాత్రం ఉండదు. ఒక యాప్‌లో మా అత్తమ్మ ఒక పాత సినిమా సగం చూసి, నిద్రొచ్చి పడుకుంది. మర్నాడు వెతికితే లేదు. హక్కుల గడువు తీరిందట. "నిన్న సగం జూసినం గద పిల్లా, మిగిలింది ఏడికి పోయింది?" అంటుంది ఆవిడ. హక్కులు, గడువు, ఒప్పందం అని మావారు పావుగంట విడమర్చి చెప్పారు. అంతా విని, "అంటే కిరాయిదన్నట్టు" అంది. ఇంతకంటే సూటిగా చెప్పిన విమర్శకుణ్ణి నేను చూడలేదు.

చందా మాట అలా ఉంచండి. "కొనండి" అని మీట పెట్టి, డబ్బు తీసుకుని ఇచ్చే సినిమా కూడా చాలాచోట్ల కిరాయిదే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఈ విషయం మీద 2024లో ఒక చట్టమే చేసింది. ఇస్తున్నది చూసుకునే అనుమతి మాత్రమే అయినప్పుడు, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా "కొనుగోలు" అనే మాట వాడకూడదని. మన దగ్గర ఆపాటి మాట పట్టింపు కూడా ఎవరికీ ఉన్నట్టు లేదు.

ఇక అసలు నాకు మనసు చివుక్కుమనే విషయం. కొమురం భీం మాకు పుస్తకాల్లో వీరుడు కాదు. 1940లో నిజాం పోలీసులతో పోరాడి ఆయన నేలకొరిగిన జోడేఘాట్ ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఆయన మీద అల్లాణి శ్రీధర్ తీసిన సినిమా 1990లో పూర్తయింది, నంది అవార్డులు కూడా అందుకుంది. హాళ్లలోకి వచ్చింది మాత్రం 2010లో. ఇరవయ్యేళ్లు డబ్బాల్లో కూర్చుందన్నమాట. తర్వాత రాజమౌళి 'ఆర్ఆర్ఆర్' తీశారు. అది కల్పిత కథ. భీమూ అల్లూరీ నిజంగా కలుసుకున్నదీ లేదు, పులులతో కలబడ్డదీ లేదు. అయినా గోండు పిల్ల కోసం గోండు వీరుడు ఢిల్లీ దాకా వెళ్లాడంటే ఇక్కడి పిల్లలు కళ్లప్పగించి చూశారు. 2022 మే 20న అది ఇళ్లలోకి వచ్చింది. తెలుగైతే జీ5లో, హిందీ అయితే నెట్‌ఫ్లిక్స్‌లో. ఒకే సినిమాకి రెండు గుమ్మాలు, రెండు చందాలు. జపాన్‌లో మాత్రం 2023లో చక్కగా బ్లూరే డిస్కుగా అమ్మారు. మా పిల్లవాడికి పుట్టినరోజుకి ఇద్దామని నేనూ వెతికాను. మన కొట్లలో ఎక్కడా కనిపించలేదు. జోడేఘాట్ వీరుడు టోక్యోలో ఎవరింటి అలమారలోనో ఉన్నాడు, జోడేఘాట్ పక్కన ఉన్నవాళ్లం మేం చందా కట్టి చూడాలి!

అది కూడా సిగ్నలు ఉంటే. గూడేల్లో సిగ్నలు కోసం గుట్టెక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2024 సెప్టెంబరులో జైనూర్‌లో గొడవలు జరిగినప్పుడు ఇంటర్నెట్ నిలిపేశారు. అప్పటి భయం ముందు సినిమా ఊసు చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ తలుపులు వేసుకుని కూర్చున్న ఇంట్లో పిల్లల్ని ఏదో ఒక దానిలో పెట్టాలి కదా? వేలకొద్దీ సినిమాలున్న ఫోను పలకలా చేతిలో ఉంది. ఆడింది 'పాతాళభైరవి' పాత డిస్కు ఒక్కటే. మధ్యమధ్య ఆగుతూ, అదే ముక్క మళ్లీ చెబుతూ ఆడింది. పిల్లలు నవ్వారు.

పాత సినిమాల సంగతొచ్చింది గనక ఇంకోమాట. 1957 నాటి 'మాయాబజార్'కి 2010లో రంగులు వేశారు. పని బాగానే చేశారు, కాదనను. అయితే నిడివి తగ్గించాలని కొన్ని పాటలూ చాలా పద్యాలూ తీసేశారు. పద్యం తీసేసిన పౌరాణికం పోపు లేని చారు. నా దగ్గరున్న డిస్కులో నలుపు తెలుపుల్లో పద్యాలన్నీ భద్రంగా ఉన్నాయి. రేపు ఏ యాప్ వారు ఏ ప్రతి పెడితే అదే 'మాయాబజార్' అనుకుని పెరిగే పిల్లలుంటారు. ఏ ప్రతి చూడాలో నిర్ణయించుకునే వీలు చూసేవాళ్లకి ఉండాలంటే, ప్రతి వాళ్ల చేతిలో ఉండాలి.

ఇంత చెప్పి, డిస్కుకి దణ్ణం పెట్టమనడం లేదు. వీసీడీ బొమ్మని ఇప్పటి పెద్ద టీవీలో వేస్తే అక్కినేని అయినా ఎన్టీఆర్ అయినా ఒకేలా అలికినట్టు కనిపిస్తారు. వానాకాలం ముసురుకి డిస్కుల మీద బూజు పడుతుంది. అదీగాక, డిస్కు రోజుల్లో ప్లేయరూ రిమోటూ మగవాళ్ల చేతుల్లో ఉండేవి. వంటిల్లు సర్దుకుని వచ్చేసరికి క్లైమాక్స్ నడుస్తూ ఉండేది. సగం సినిమాల మొదళ్లు నాకు తెలియవు. రాత్రి పదకొండింటికి, చెవుల్లో వైర్లు పెట్టుకుని, నాకిష్టమైన సినిమాని మొదటి నుంచీ చూసుకోవడం ఫోను వచ్చాకే నేర్చుకున్నాను. ఈ మేలు మరిచిపోతే కళ్లు పోతాయి.

మరో మేలు కూడా ఉంది. హైమెన్‌డార్ఫ్ దొర 1940లలో మన మండలంలోని మర్లవాయిలో ఉండి తీసిన ఫొటోలు లండన్‌లో, స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిని ఇంటర్నెట్‌లో పెట్టబట్టే ఇక్కడివాళ్లు తమ తాతల ముఖాలు చూసుకోగలుగుతున్నారు. అదే మర్లవాయికి చెందిన గుస్సాడి నర్తకుడు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. ఆయన ఆడగా తీసిన వీడియోలు ఎన్ని ఫోన్లలో ఉండేవో! ఫోను మారినప్పుడల్లా కొన్ని పోతూనే ఉన్నాయి. గాల్లో ఉన్నదంతా నిలవదు. లండన్‌లో ఎవరో పెట్టెలో దాచారు కాబట్టే ఆ ఫొటోలు గాల్లోకి రాగలిగాయి.

ఇంకొక చిన్న బాధ. డిస్కుని చెల్లెలికిచ్చేదాన్ని. తిరిగి ఇవ్వకపోతే పండక్కి వెళ్లి దెబ్బలాడి తెచ్చుకునేదాన్ని. యాప్‌ని ఎలా ఇవ్వను? ఒక ఇంటి పాస్‌వర్డు ఇంకో ఇంట్లో వాడకూడదని నెట్‌ఫ్లిక్స్ 2023 నుంచి మన దేశంలోనూ ఆంక్ష పెట్టింది. వ్యాపారరీత్యా న్యాయమే కావచ్చు. నాకూ చెల్లెలికీ దెబ్బలాడుకోవడానికి ఇప్పుడేమీ లేదు.

మావారు డిస్కు ప్లేయరు లెన్సు కోసం నిర్మల్, మంచిర్యాల దాకా ఆరా తీస్తున్నారు. ఎల్‌జీ కంపెనీ బ్లూరే ప్లేయర్ల తయారీని 2024 చివర్లో ఆపేసింది. డిస్కులుండి ప్లేయరు లేకపోవడం, బావి ఉండి చేద లేకపోవడం లాంటిది. ఉట్నూరులో ఒక రేడియో మెకానిక్ పాత ప్లేయర్లు రెండు అటక మీద దాచాడని విన్నాం. ఈ ఆదివారం బస్సెక్కాలి.