నాలుగు స్వరాలు చాలవా?

గుంటూరులో మా ఇంటి వెనక ఒక జిన్నింగు మిల్లు ఉండేది. పత్తి సీజన్‌లో రాత్రంతా ఒకటే రొద. కరెంటు పోయి ఆ రొద ఆగితేనే నాకు మెలకువ వచ్చేది.

ఈమధ్య అది మళ్ళీ గుర్తొచ్చింది. లాప్‌టాప్ మీద శబ్దాలతో ప్రయోగాలు చేసే స్నేహితుడొకడు మిర్చియార్డులో రికార్డు చేసుకొచ్చిన గోలని ఒక శ్రుతి మీద పరిచి వినిపించాడు. బాగుంది. ఎవరి ప్రభావమని అడిగితే లా మాంటీ యంగ్ అన్నాడు. మనవాళ్ళలో ఎవరూ లేరా అంటే నవ్వేసి, "మన దగ్గర అలాంటోళ్ళు ఎవరున్నార్రా?" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు.

యంగ్ గొప్పవాడే. 1960లో ఆయన రాసిన ఒక రచనలో ఉన్నవి రెండే స్వరాలు. వాటిని చాలాసేపు పట్టి ఉంచాలి, అంతే. మన లెక్కలో అవి స, ప. అంటే కచేరీ మొదలవకముందే మనం వినే తంబురా. ఆయన బృందంలో వయోలా వాయించిన జాన్ కేల్ ఆ నిలకడ నాదాన్ని వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే రాక్ బృందంలోకి తీసుకెళ్ళాడు. 1967లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బం వింటే, ఒక శాస్త్రీయ స్వరకర్త ఆలోచన వీధిలోకి ఎలా నడిచొచ్చిందో తెలుస్తుంది.

మాకు కృష్ణ అవతలే, బెజవాడలో పెరిగిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ కూడా ఇలా తీసేసే పనే చేశారు. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్నది వాడుక. ఆయన నాలుగింటితో మహతి, లవంగి, మూడింటితో సర్వశ్రీ కట్టారు. మహతిలో ఉన్నవి స, అంతర గాంధారం, ప, కైశికి నిషాదం. కీబోర్డు మీద నాలుగూ కలిపి నొక్కి చూడండి. పాశ్చాత్య సంగీతంలో డామినెంట్ సెవెంత్ అనే కార్డు అది. ఆ సంగీతానికి అలవాటుపడ్డ చెవి, తర్వాత మధ్యమం మీదకి దిగాలని ఎదురుచూస్తుంది. మహతిలో మధ్యమమే లేదు. తీరని ఆ ఎదురుచూపే ఈ రాగానికి అందం అనిపిస్తుంది నాకైతే.

మరి ఈ ఆలోచన మన ప్రయోగాల దాకా ఎందుకు రాలేదు? సినిమాలోకైతే వచ్చింది. 1975లో తమిళ చిత్రం 'అపూర్వ రాగంగళ్'లో ఎం.ఎస్. విశ్వనాథన్ మహతిని వాడుకున్నారు. కానీ కచేరీల లోకంలో వీణ ఎస్. బాలచందర్ ఈ రాగాల మీద గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఇటు మనమేమో మా బాలమురళి కొత్త రాగాలు సృష్టించారని మురిసిపోయాం. గొడవంతా పేటెంటు గురించే. తీసేస్తే ఏం మిగులుతుందన్న అసలు ప్రశ్న పక్కన పడిపోయింది.

ఇందులో ఆయన వాటా కూడా ఉంది. స్వరాలు తగ్గించారు గానీ కచేరీ హంగులు తగ్గించలేదు. అవే కృతులు, అవే కల్పనస్వరాలు. ఖాళీ చేసిన గదిలోకి మళ్ళీ సామానంతా చేరేసినట్టు. ఆ నాలుగు స్వరాల్నీ ఊరికే, తొందరపెట్టకుండా నిలబెడితే ఏమవుతుంది? ఆయన వదిలిపెట్టిన పని అదే. ఇప్పటి కుర్రాళ్ళు అందుకోవలసిందీ అదే.

మావాడికి మహతి పంపాను. వారం తర్వాత ఒక ఫైలు వచ్చింది. ఆరు నిమిషాలు, నాలుగు స్వరాలు, వెనక ఎక్కడో మిల్లు రొద. కుదిరిందా అంటే ఇంకా లేదు. కానీ నిషాదం దగ్గర మాత్రం వాడు తొందరపడలేదు.