ఐదో ఖోఖా

మొదటిసారి తుపాకీ పేల్చిన రోజు గురించి తలచుకుంటే నాకు పేల్చడం కంటే వెతకడమే ఎక్కువ గుర్తుకొస్తుంది.

ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీ క్యాంపులో పాయింట్ టూటూ రైఫిల్ ఇచ్చారు. మట్టికట్ట ముందు టార్గెట్లు, పాతిక గజాల ఇవతల పరిచిన పట్టాలు, మనిషికి ఐదు తూటాలు. వరసకు పది మందిమి బోర్లా పడుకున్నాం. మొత్తం పేల్చాక మాకు నేర్పే ఉస్తాద్ ఖోఖాలు లెక్కపెట్టాడు. నలభై తొమ్మిది. ఖాళీ తొడుగే కదా, పోతే పోయిందిలే అనే మాట అక్కడ చెల్లదు. తూటా ఎంత లెక్కో ఖోఖా కూడా అంతే లెక్క. యాభయ్యోది దొరికేదాకా చాయ్ లేదు, టిఫిన్ లేదు. గంటన్నర సేపు పది మందిమి మోకాళ్ల మీద పాకుతూ గడ్డి దువ్వాం. చివరికి అది నా చొక్కా చేతి మడతలో దొరికింది. మిగతా తొమ్మిది మంది నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

అంత గొడవ పెట్టిన ఆ ఇత్తడి ముక్క చిటికెన వేలి గోటికంటే కాస్త పొడవు, అంతే. మామూలు తూటాకి అడుగున నడిమధ్య నిప్పు అంటుకుంటుంది. దీనికి అలా కాదు. అంటుకునే మందు అడుగు అంచు మడతలో ఉంటుంది. పిన్ను వచ్చి ఆ అంచుని నొక్కుతుంది. ఒకసారి నొక్కుకుపోయిన అంచు మళ్లీ పనికిరాదు, నింపి వాడుకోవడానికి లేదు. అమెరికాలో 1887లో పుట్టిన తూటా ఇది. మా చేత కాల్పించినా, ఒలింపిక్స్‌లో కాల్చినా, కొలత ఇదే.

ఆ రోజు నాకింకో అవమానం కూడా జరిగింది. నా టార్గెట్ కాగితం మీద ఒక గుండు సరిగ్గా నల్లచుక్క మధ్యలో దిగింది. మిగతా నాలుగూ నాలుగు దిక్కులకు పోయాయి. నా పక్కన పడుకున్న ఇల్లందు కుర్రాడివి ఐదుకి ఐదూ కింద ఎడమ మూలన పడ్డాయి. పావలా బిళ్ల పెడితే దాని కింద దాగేటంత దగ్గర దగ్గరగా. ఉస్తాద్ వాడి భుజం తట్టాడు. నాకు ఒళ్లు మండింది. "వాడిది ఒక్కటీ నల్లచుక్కకి తగల్లేదు కదా ఉస్తాద్" అన్నాను.

"నీకు తగిలింది బేటా. వాడు కొట్టాడు" అన్నాడాయన, వచ్చీరాని తెలుగులో.

ఆ మాట నాకు ఎక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. గుండ్లన్నీ ఒకేచోట పడుతుంటే మనిషి కుదురుగా ఉన్నాడని అర్థం, తేడా తుపాకీ సైటులో ఉంది. స్క్రూ కాస్త తిప్పితే ఆ గుంపు మొత్తం మధ్యకి నడిచొస్తుంది. చెదిరిన గుండ్లకు తిప్పడానికి ఏ స్క్రూ లేదు. ఊపిరి సగం వదిలి ఆపలేదు, ట్రిగ్గర్ నొక్కకుండా గుంజాను, పేలకముందే కళ్లు మూశాను. అన్నీ నావే.

ఈ ఆటలో పెద్దవాళ్ల కష్టం కూడా ఇదే, కొలత మాత్రం మారుతుంది. 50 మీటర్ల రైఫిల్ పోటీలో పది పాయింట్ల వలయం అడ్డకొలత 10.4 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత. గుండు 5.6 మిల్లీమీటర్లు. పైగా గాలి. ఈ గుండు ధ్వని వేగానికి కాస్త తక్కువలోనే పోతుంది, కాబట్టి దారిలో గాలి దాన్ని తోసెయ్యడానికి తీరిక ఉంటుంది. అందుకే రేంజ్‌లో చిన్న చిన్న జెండాలు పాతుతారు. షూటర్ కన్ను సగం టార్గెట్ మీద, సగం జెండా మీద. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చాడు. అది నాలుగ్గోడల మధ్య పోటీ. నాలుగు రోజుల తర్వాత బయట, పడుకుని కాల్చే 50 మీటర్ల పోటీలో అదే మనిషి 18వ స్థానంలో ఆగిపోయాడు. ఆ పోటీలోనే కోల్‌కతా జొయ్‌దీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో నిలిచి 1.9 పాయింట్లతో పతకం పోగొట్టుకున్నాడు. 50 మీటర్ల రైఫిల్‌లో మనకు ఒలింపిక్ పతకం రావడానికి 2024 పారిస్ దాకా, స్వప్నిల్ కుసాలే దాకా ఆగాల్సి వచ్చింది.

ఇదంతా ఖమ్మంలో కూచుని చెప్పుకోవచ్చు. భద్రాచలం దాటి చర్ల, దుమ్ముగూడెం వైపు వెళ్లాక రైఫిల్ ఒక ఆట అని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆ అడవి అంచున తుపాకీ మోతకి వేరే అర్థం ఉంది, మర్నాటి పేపర్లో వేరే పేజీ ఉంది.

అక్కడ గురి అంటే విల్లే. పర్ణశాల దగ్గరి ఒక కోయగూడెంలో ఒక తాత నాకు తన విల్లు చూపించాడు. (గురి తప్పని రాముణ్ని ఒక లేడి దారి తప్పించింది ఇక్కడేనంటారు, అది వేరే సంగతి.) వెదురు విల్లు, దానికి నారి కూడా వెదురు బద్దే. పిట్టలకి మొద్దుమొన బాణం వేరు, ఇనప ములికి ఉన్నది వేరు. భూమి పండుగకి మగవాళ్లు వేటకి పోవడం, ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరించి ఎగతాళి చెయ్యడం ఆయన నవ్వుతూ చెప్పాడు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. పేడనీళ్లకి చట్టం అడ్డు రాలేదు.

నేను నా ఒలింపిక్స్ చెప్పాను. పడుకుని, యాభై మీటర్లు, అరవైసార్లు కాల్చాలి తాతా అన్నాను.

"అది పారిపోదా సారూ?"

"కాగితం తాతా."

"పారిపోని దాన్ని అరవైసార్లు ఎందుకు?"

జవాబు తోచలేదు. ఇరవై అడుగుల్లో ఉన్న అరటిబోదె మీద వేసి చూపించమన్నాను. సైటు లేదు, గుక్క పట్టడం లేదు, విల్లు ఎత్తడం వదలడం ఒకటే కదలిక. ఏడు బాణాలు బోదెలో దిగాయి, జానెడు మేరలో. ఉస్తాద్ ఉంటే భుజం తట్టేవాడు. ఎనిమిదోది పక్కనుంచి పొదల్లోకి పోయింది.

తాత విల్లు కింద పెట్టి పొదల్లోకి దూరాడు. ములికి కమ్మరి చేత చేయించింది, వదిలెయ్యడానికి లేదట. నేనూ వంగాను. ముళ్లు, ఎండాకు, చీమలు. పొద్దు వాలుతోంది. "ఎనిమిది తెచ్చా సారూ, ఏడే ఉన్నాయి" అని మళ్లీ మళ్లీ అంటున్నాడు. నాకు తెలియకుండానే చెయ్యి వెళ్లి నా చొక్కా మడతని తడిమింది.