టీషర్టు మీద రెండు ముక్కలు

“లోకంలో 10 రకాల మనుషులుంటారు: బైనరీ తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు.” ప్రోగ్రామర్ల టీషర్టుల మీద ఏళ్ల తరబడి కనిపిస్తున్న మాట ఇది. తెలియనివాళ్లు దాన్ని పది అని చదివి, మిగతా ఎనిమిది రకాలేవని అడుగుతారు. తెలిసినవాళ్లు రెండు అని చదువుతారు, బైనరీలో రెండును 10 అనే రాస్తాం కాబట్టి. ఈ మాటను పైకి చదివి వినిపించలేం. ‘పది’ అన్నా చెడుతుంది, ‘రెండు’ అన్నా చెడుతుంది. అంకెల్లో రాసి కంటికి చూపిస్తేనే పండుతుంది. బట్ట మీద అచ్చు వేయడానికే పుట్టిన వాక్యం.

ఇంటిని మించిన చోటు లేదనే ఇంగ్లిష్ నానుడిలో ‘ఇల్లు’ తీసేసి 127.0.0.1 పెట్టిన చొక్కాకూ అంతే పేరుంది. ప్రతి కంప్యూటరూ తనతో తాను మాట్లాడుకోవడానికి వాడే చిరునామా అది. అక్కడికి పంపింది ఏదైనా గడప దాటదు, తిరిగి తన దగ్గరికే వస్తుంది. పాత నానుడిలో మార్చింది ఒక్క మాటే, అదీ అతికినట్టు సరిపోయింది.

పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథగానూ భారతకథగానూ నడుస్తుంది. శ్లేషను అంత దూరం తీసుకెళ్లిన భాష మనది. ఈ చొక్కాల పనితనం మనకు ఇట్టే పట్టుబడాలి. ఇందులో మొదటి సూత్రం, విడమరచి చెప్పకపోవడం. కింద చిన్న అక్షరాల్లో అర్థం రాశామంటే అంతటితో సరి. చదివినవాడు తానే ముడి విప్పుకుని, నవ్వి, తొడుక్కున్నవాడి మొహం కేసి చూడాలి. తెలియని ఊళ్లో సదస్సుకు వెళ్లి, పలకరించే దిక్కులేక గోడవార నిలబడ్డ కుర్రాడికి ఆ చూపే పరిచయం. ఈ అలవాటును నేను ఇంతగా ఇష్టపడేది అందుకే.

బట్ట పెట్టే షరతులు కొన్నున్నాయి. స్క్రీన్ ప్రింటింగులో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి, రంగు పెరిగితే ఖర్చూ పెరుగుతుంది. ఛాతీ మీద నాలుగైదు మాటలు చాలు, ఎదురొచ్చే మనిషి నడుస్తూనే చదవాలి కదా. పొడుగు వాక్యం వీపు మీద వేయాలి. భోజనాల క్యూలో వెనక నిలబడ్డవాడికి బోలెడు తీరిక.

వీటన్నిటిలోకీ నాకు గొప్పగా తోచేది 1995 నాటి చొక్కా. అప్పట్లో అమెరికా చట్టం బలమైన ఎన్‌క్రిప్షన్‌ను ఆయుధాల జాబితాలో పెట్టింది. లైసెన్సు లేకుండా దేశం దాటిస్తే నేరం. ఇంగ్లండులో ఆడమ్ బ్యాక్ అనే ప్రోగ్రామర్ ఆర్‌ఎస్‌ఏ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని పెర్ల్ భాషలో మూడంటే మూడు లైన్లకు కుదించాడు. భారీ సంఖ్యల లెక్కలన్నీ యునిక్స్‌లో ముందునుంచీ ఉన్న ‘డీసీ’ అనే కాలిక్యులేటర్‌కు అప్పగించడంతో కోడ్ అంత చిన్నదైంది. ఆ లైన్లు టీషర్టు మీదికెక్కాయి. ఈ చొక్కా ఆయుధమని, దేశం దాటించరాదని, విదేశీయులకు చూపించరాదని హెచ్చరిక కూడా జోడించారు. అది ఉత్త మాట కాదు, చొక్కా చూసి టైపు చేసుకుంటే నిజంగా నడిచే ప్రోగ్రాం. తొడుక్కుని విమానం ఎక్కినవాడు ఆయుధాల దొంగ రవాణాదారు కావాలి, లేదా చట్టం తప్పు కావాలి. ఎంత వాదించినా రాని స్పష్టత ఒక నూలు గుడ్డతో వచ్చింది. ఆ చట్టం 1996 చివర్లో కొంత, 2000లో మరింత సడలింది. చొక్కా ఒక్కటే దాన్ని కదిలించలేదు, కోర్టు కేసులూ వ్యాపారుల ఒత్తిడీ ఉన్నాయి. అయినా గొడవ ఏమిటో మామూలు మనిషికి ఒక్క చూపులో తెలియజెప్పింది మాత్రం ఆ చొక్కానే.

చొక్కా కోసమే పని చేస్తే ఏమవుతుందో 2020లో చూశాం. డిజిటల్‌ఓషన్ సంస్థ 2014లో మొదలుపెట్టిన హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ ఉత్సవంలో, ఆ ఏడాది అక్టోబరులో నాలుగు పుల్ రిక్వెస్టులు (ఇతరుల కోడ్‌కు మార్పుల ప్రతిపాదనలు) పంపితే టీషర్టు ఇస్తామన్నారు. రీడ్‌మీ ఫైల్లో ఒక మాట అటూ ఇటూ మార్చి పంపినవి వరదలా వచ్చిపడ్డాయి. జీతం లేకుండా ప్రాజెక్టులు నడిపేవాళ్లు వాటిని ఏరి పారేయలేక అలిసిపోయారు. నెల మొదటి వారంలోనే నియమాలు మార్చాల్సి వచ్చింది. 2023కి చొక్కాల స్థానంలో డిజిటల్ బ్యాడ్జీలు వచ్చాయి. నాకు బాధ కలిగించిన మార్పు అది.

మన ఇంజినీరింగ్ కాలేజీల ఫెస్టు చొక్కాల మీద చాలాసార్లు కాలేజీ పేరు, ఏడాది, వీపు నిండా స్పాన్సర్ల లోగోలే ఉంటాయి. రాత్రంతా కూర్చుని బగ్గులు వెతుకుతూ పిల్లలు తిట్టుకునేది తెలుగులోనే. ఆ తెలుగు చొక్కా మీదికి ఎందుకు రాకూడదు? ఉదాహరణకు, సి, జావా, పైథాన్‌లలో వరుసలోని మొదటిదానికి నంబరు 1 కాదు, 0. తమ ఇంట్లో మొదటగా కాలేజీ మెట్లెక్కిన పిల్లలు ఎక్కువగా ఉన్న బ్యాచి ‘సున్నా నుంచి మొదలుపెట్టాం’ అని వేయించుకోవచ్చు. అమ్మానాన్నలు ఒకలా చదువుకుంటారు, ల్యాబులో సీనియర్లు ఇంకోలా. మాటలు మూడే కాబట్టి ఛాతీ మీద సరిపోతాయి, ఒక్క స్క్రీన్ చాలు.