రెండు ముళ్లు, ఒక ఇంజన్

టాటా 697 ఇంజన్ దించి కమ్మిన్స్ 6బీటీ ఎక్కించిన లారీలో డ్రైవరు కళ్లు ముందు ఆయిల్ ప్రెషర్ మీటరు మీదే ఉంటాయి. చల్లగా ఉన్నంతసేపూ ముల్లు నిక్కి నిలబడుతుంది. బండి వేడెక్కి స్లోలో ఆగిందంటే కిందికి జారుతుంది. షెడ్డులో తీర్పు అప్పుడే వచ్చేస్తుంది: "బేరింగులు పోయాయి, ఇంజన్ విప్పాల్సిందే." ఈ తొందరపాటు మీదే నా అభ్యంతరం. ఆ ముల్లు కొత్త ఇంజన్ సంగతి చెబుతోందా, పాత డ్యాష్‌బోర్డు సంగతి చెబుతోందా అన్నది ఇంకా తేలనేలేదు.

అండమాన్‌లో ఈ తేడా తెలుసుకోవడం మరీ అవసరం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. వాళ్లలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి. మనుషుల్లాగే విడిభాగాలూ విశాఖ నుంచో, చెన్నై నుంచో, కోల్‌కతా నుంచో సముద్రం దాటి రావాలి. చెన్నై నుంచి ఓడకు రెండున్నర మూడు రోజులు పడుతుంది. బేరింగుల సెట్టు తెప్పించి, ఇంజన్ విప్పి చూస్తే అవి బాగానే ఉన్నాయనుకోండి. ఆ నష్టం మెయిన్‌లాండ్ షెడ్డులో జరిగే నష్టంలా ఉండదు. పైగా పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి డిగ్లీపూర్ వైపు వెళ్లే ట్రంకు రోడ్డు మీద జిర్కాటాంగ్ గేటు ఉంది. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు జారవా గిరిజనుల రిజర్వు. బళ్లన్నీ కాన్వాయ్‌గానే వెళ్లాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు. "కాస్త పక్కకు ఆపి చూద్దాం" అనే వెసులుబాటు అక్కడ లేదు. ముల్లును నమ్మాలో వద్దో గేటు దగ్గరే తేల్చుకోవాలి.

ఇక డ్యాష్‌బోర్డు మీటరునూ, ఇంజన్‌కే నేరుగా బిగించే మెకానికల్ గేజ్‌నూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

డ్యాష్‌బోర్డు మీటరు ఆయిల్‌ను నేరుగా చూడదు. ఇంజన్‌కు బిగించిన ప్రెషర్ యూనిట్ తన విద్యుత్ నిరోధాన్ని మార్చుకుంటూ ఉంటుంది, మీటరు ఆ నిరోధాన్ని చదివి ముల్లును కదుపుతుంది. కాబట్టి యూనిట్టూ మీటరూ ఒక జతవి కావాలి. ఇంజన్ మార్పిడిలో విడిపోయేది ఈ జతే. యూనిట్ కొత్త ఇంజన్‌తో వస్తుంది, మీటరు పాత బండిలోనే ఉండిపోతుంది. వీడీఓ తరహా యూనిట్లలో ప్రెషర్ పెరిగేకొద్దీ నిరోధం సుమారు 10 నుంచి 180 ఓములకు పెరుగుతుంది. అమెరికన్ తరహాలో దీనికి తలకిందులు: 240 నుంచి 33కు తగ్గుతుంది. ఈ రెండింటినీ కలిపితే రేస్ ఇచ్చినప్పుడు ముల్లు దిగుతుంది, స్లోలో లేస్తుంది. ఇలాంటి పొరపాటు దానంతటదే బయటపడుతుంది గనుక పెద్ద ప్రమాదం లేదు. అసలు భయపడాల్సింది ఒకే తరహాలో వచ్చే కొలతల తేడాకు. 5 బార్ యూనిట్‌ను 10 బార్ మీటరుకు కలిపితే ఉన్న ప్రెషర్‌కు దాదాపు రెట్టింపు చూపిస్తుంది. అటుదిటు చేస్తే సగమే చూపిస్తుంది. మొదటి దాంట్లో చావబోతున్న ఇంజన్ ఆరోగ్యంగా కనిపిస్తుంది, రెండో దాంట్లో ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌ను షెడ్డులో విప్పేస్తారు.

దీనికి తోడు ఉప్పుగాలి. సాధారణంగా యూనిట్‌కు ఎర్త్ దాని మర ద్వారా బ్లాకు నుంచే అందుతుంది. మర మీద టెఫ్లాన్ టేపు మందంగా చుట్టినా, బ్లాకుకూ ఛాసిస్‌కూ మధ్య ఎర్త్ పట్టీ తుప్పు పట్టినా దారిలో అదనపు నిరోధం చేరుతుంది. వీడీఓ తరహాలో ఆ అదనం ప్రెషర్ ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తుంది. వైరు పూర్తిగా తెగితే ముల్లు పైకొసకు పోయి కూర్చుంటుంది. అంటే తుప్పు చెప్పే అబద్ధం డ్రైవరుకు ధైర్యం చెప్పే అబద్ధం. సముద్రం పక్కన తిరిగే బండిలో ముల్లు పడిపోవడం కన్నా, ఎప్పుడూ హాయిగా పైనే ఉండటం నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

మెకానికల్ గేజ్‌లో ఈ మధ్యవర్తులు ఎవరూ ఉండరు. 1849లో ఫ్రాన్స్‌లో యూజీన్ బోర్డాన్ పేటెంటు తీసుకున్న వంపు గొట్టమే ఇప్పటికీ అందులో పనిచేస్తోంది. యూనిట్ విప్పి, అదే రంధ్రంలో గేజ్ గొట్టం బిగిస్తే ఆయిలే వచ్చి ముల్లును తోస్తుంది. బ్యాటరీ 12 వోల్టులా 24 వోల్టులా అన్న ప్రశ్నే రాదు. 6బీటీకి కమ్మిన్స్ చెప్పే కనీస ప్రెషర్ స్లోలో 10 పీఎస్ఐ, పూర్తి వేగంలో 30 పీఎస్ఐ. మన మీటర్ల లెక్కలో సుమారు 0.7 కేజీ, 2.1 కేజీ. వేడెక్కిన ఇంజన్ స్లోలో ఒక కేజీ చూపిస్తే కంగారు పడాల్సిన పని లేదు. స్లోలోనూ మూడు కేజీలు ఉండాలని పట్టుబట్టే డ్రైవరు పాత బండి అలవాటుతో కొత్త ఇంజన్‌ను కొలుస్తున్నాడు.

అయితే మెకానికల్ గేజ్ మాటే వేదం అనే వాళ్లతోనూ నేను ఏకీభవించను. అది చెప్పేది తాను బిగించిన చోట ఉన్న ప్రెషర్ గురించే. ఫిల్టరుకు ముందు కొలిస్తే పూడిపోయిన ఫిల్టరు బలాన్ని కూడా ఇంజన్ బలంగా లెక్కగడతాం. పొద్దున్నే చల్లటి 15డబ్ల్యూ-40 ఆయిల్ మీద తీసిన కొలత ఓనరుకు సంతోషం ఇస్తుంది తప్ప బేరింగుల గురించి ఏమీ చెప్పదు. వేడి ఎంత, తిరుగుడు ఎంత అన్నది రాసుకోకపోతే ప్రెషర్ అంకె సగం వాక్యమే. ఆ గేజ్‌ను శాశ్వతంగా క్యాబిన్‌లో పెట్టడం కూడా నాకు సమ్మతం కాదు. అదురుకు గొట్టం పగిలితే కాగుతున్న ఆయిల్ డ్రైవరు కాళ్ల మీద పడుతుంది.

రెండు కొలతలూ తేడాగా ఉంటే పని సులువు. గేజ్ మంచిది చూపించి డ్యాష్‌బోర్డు చెడ్డది చూపిస్తే యూనిట్, ఎర్త్ చూసుకోవాలి. ఇంజన్ జోలికి పోనక్కర లేదు. రెండూ కలిసి తక్కువ చూపించినప్పుడే అసలు పరీక్ష. అప్పుడు కూడా బేరింగుల మీదికి ఒక్కసారిగా దూకకూడదు. ముందు డిప్‌స్టిక్ వాసన చూడాలి. డీజిల్ కలిసి ఆయిల్ పలచబడితే లెవెల్ పెరుగుతుంది, ప్రెషర్ తగ్గుతుంది. ఆ డిప్‌స్టిక్ ఈ ఆయిల్ చాంబరుదేనా అన్నది కూడా అడగాలి. ముందు యాక్సిల్‌కు తగలకుండా చాంబరు మార్చి, గీతలు పాత లెక్కకే వదిలేసిన బండిలో "ఫుల్" అన్న గీత దగ్గర కూడా ఆయిల్ చాలకపోవచ్చు. ఆ తరువాత రిలీఫ్ వాల్వు. 6బీటీలో అది ఫిల్టరు హెడ్డులోనే ఉంటుంది, ఇంజన్ దించకుండానే బయటికి తీయొచ్చు. చిన్న లోహపు ముక్క ఇరుక్కుని అది మూసుకోకపోయినా ప్రెషర్ లేవదు.

మార్పిడి ఇంజన్‌లో నా అనుమానం ఎక్కువగా చాంబరులోంచి పంపుకు ఆయిల్ అందించే స్ట్రైనర్ గొట్టం మీదే. ఆ గొట్టాన్ని బ్లాకుకు బిగించే చోట గాస్కెట్ సరిగా కూర్చోకపోతే పంపు ఆయిల్‌తో పాటు గాలినీ లాగుతుంది, ముల్లు వణుకుతుంది. షెడ్డుల్లో దీనికి చేసే పరీక్ష చక్కనిది: ఒక లీటరు ఆయిల్ ఎక్కువ పోసి చూడటం. ప్రెషర్ కుదుటపడితే దోషం గొట్టంలోనో, లెవెల్‌లోనో ఉన్నట్టు. వెంటనే ఆ అదనపు ఆయిల్ తీసేయాలి. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే ప్రెషర్ పడిపోయి, చదునులో బాగుంటే కారణం వేరు. చాంబరు గుంట వెనక్కో ముందుకో ఉండటం, ఇంజన్ కొద్దిగా వాలి కూర్చోవడం వల్ల ఆయిల్ స్ట్రైనర్‌ను వదిలి జరిగిపోతోంది. ట్రంకు రోడ్డు కొండ మలుపుల్లో ఇది కనిపించినా, షెడ్డులో నిలబెట్టిన బండిలో ఎన్నటికీ కనిపించదు. ఇవన్నీ చూశాక కూడా వేడిలో స్లో ప్రెషర్ 10 పీఎస్ఐ దాటకపోతే, చాంబరు దించి అడుగున రాగి రంగు పొడి ఉందేమో వెతకడం న్యాయం. విశాఖకు బేరింగుల ఆర్డరు పెట్టాల్సింది అప్పుడే.

రోడ్డు మీద రోజూ పనికొచ్చేది మాత్రం డ్యాష్‌బోర్డు మీటరే. సరైన జత యూనిట్ పెట్టి, మెకానికల్ గేజ్ కొలతతో సరిచూసుకుని వేడి ఇంజన్ మీద ఆ డ్యాష్‌బోర్డు మీటరు అద్దంపై రెండు గుర్తులు పెట్టాలి: స్లోలో ముల్లు నిలిచే చోటు ఒకటి, రేస్‌లో నిలిచే చోటు ఒకటి. గేజ్ విప్పేశాక జిర్కాటాంగ్ వరుసలో ఇంజన్ స్లోలో తిరుగుతుండగా డ్రైవరు చూడాల్సింది అంకెను కాదు. ముల్లు ఆ మొదటి గుర్తుకు కిందికి జారితే గేటు దాటక ముందే వరుసలోంచి బండి తప్పించాలి.