చేను చాటున పటాలం

కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ ఒకటి కొని, పదునైన కట్టర్‌తో చిన్న చిన్న చదరాలుగా కోసి, పసుపు కలిపిన ఆకుపచ్చ రంగు పలచగా పూస్తే నిలువెత్తు పంటచేను తయారవుతుంది. పీచు నిటారుగా నిలబడుతుంది కాబట్టి అంగుళం ఎత్తు సైనికుణ్ని దాని వెనక పెడితే టోపీ అంచు కూడా కనబడదు. పాత యుద్ధాలను చిన్న బొమ్మలతో బల్ల మీద మళ్లీ నడిపే అలవాటున్నవాళ్లు చాలా దేశాల్లో వాడే చిట్కా ఇది. కాప్రాలో ఆదివారాలు కలుసుకునే మా నలుగురైదుగురికి ఈ చిట్కా బాగా అక్కరకొచ్చింది చందుర్తి యుద్ధం దగ్గర.

చందుర్తి ఇప్పటి కాకినాడ జిల్లాలో, గొల్లప్రోలు మండలంలో ఉంది. 1758 డిసెంబరులో అక్కడి పొలాల్లో జరిగిన పోరును ఇంగ్లిషు చరిత్రల్లో కాండోర్ యుద్ధం అంటారు. బొబ్బిలి కోట కూలి అప్పటికి రెండేళ్లు నిండలేదు. తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు చనిపోయాక విజయనగరం గద్దె ఎక్కిన ఆనందరాజు ఫ్రెంచివాళ్లతో తెగతెంపులు చేసుకుని, విశాఖపట్నం పట్టుకుని, ఇంగ్లిషువాళ్ల సాయం కోరాడు. కలకత్తా నుంచి క్లైవ్ కర్నల్ ఫోర్డును ఓడలెక్కించి పంపాడు. అవతల ఫ్రెంచివాళ్లకు సేనాని బుస్సీ లేడు. ఫ్రెంచి ప్రధాన సేనాని లాలీ అతన్ని వెనక్కి పిలిపించుకున్నాడు. ఆ స్థానంలో ఉన్నవాడు కాన్‌ఫ్లాన్స్.

బలగాల లెక్క ఇలా ఉంది. ఫోర్డు దగ్గర సుమారు 470 మంది తెల్ల సైనికులు, 1900 మంది సిపాయిలు, ఆరు ఫిరంగులు. ఆనందరాజు తెచ్చిన కాల్బలం 5000 దాకా, గుర్రాలు 500. కాన్‌ఫ్లాన్స్ వైపు 500 మంది తెల్లవాళ్లు, 6000 మంది సిపాయిలు, 500 గుర్రాలు, ముప్పైకి పైగా ఫిరంగులు. ఒక బొమ్మకు 50 మంది చొప్పున వేసుకుంటే మాకు మూడు వందల బొమ్మలు కావలసి వచ్చాయి. ఆరడుగుల ప్లైవుడ్ షీటు మీద అంగుళానికి 20 గజాలు. ఆనాటి తుపాకి గురి 100 గజాలు దాటితే నమ్మడానికి లేదు. బల్ల మీద అది ఐదంగుళాలు. ఈ ఒక్క కొలత తెలిస్తే చాలు, ఆ కాలపు యుద్ధం మీద మనకున్న సినిమా ఊహలన్నీ పక్కకు పోతాయి. ఐదంగుళాల దూరం దాకా గుండ్లు తింటూ నడిచి వెళ్లాలి. వెళ్లాక అందరూ ఒక్కసారి కాల్చాలి. మళ్లీ మందు కూరుకునేలోగా ఎదుటివాళ్లు మీద పడకుండా చూసుకోవాలి.

ఆ చలికాలమంతా రంగులే మా పని. ఫోర్డు సిపాయిల బొమ్మలు ఎక్కడా సరిగ్గా దొరకవు. వేరే దేశపు ప్లాస్టిక్ సైనికుల తలలు తీసి, ఎం-సీల్ పుట్టీని అగ్గిపుల్లతో సన్నగా పాము చేసి చుట్టి తలపాగాలు పెట్టాం. వాళ్లు బెంగాల్ పటాలం వాళ్లు. 1757లో క్లైవ్ లేపిన మొదటి దళానికి కోటు రంగును బట్టి లాల్ పల్టన్ అనే పేరే పడింది. ఎరుపు పూయడం ఓపిక పని. నేరుగా ఎర్ర రంగు వేస్తే బొమ్మ చవకబారుగా కనిపిస్తుంది. ముందు ముదురు గోధుమ రంగు వేసి ఆరనివ్వాలి. మడతల లోపల ఆ చీకటి అలాగే మిగిలేలా పైన మాత్రమే ఎరుపు తగిలించాలి. చివరగా భుజాల మీద, మోచేతుల మీద కాస్త నారింజ కలిపిన ఎరుపు గీత.

ఆ బొమ్మలు పూర్తయ్యాక, తెల్ల సైనికుల దళాన్నీ సిపాయిల దళాన్నీ షెల్ఫులో పక్కపక్కన నిలబెట్టి గుమ్మం దగ్గరికి వెళ్లి చూశాను. రెండూ ఒకటే ఎర్రగీత. టోపీకీ తలపాగాకీ తేడా ఆ దూరం నుంచి తెలియలేదు. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కని సంగతి అక్కడ ఎక్కింది. ఆ రోజు కాన్‌ఫ్లాన్స్ మోసపోయింది సరిగ్గా ఈ ఎరుపు దగ్గరే.

జరిగింది చెబుతాను. ఫోర్డు తన తెల్ల పటాలాన్ని మధ్యలో, సిపాయిలను అటూ ఇటూ నిలిపాడు. మధ్య దళం ముందు నిలువెత్తు చేను ఉంది. ఆ కాలపు చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ దాన్ని ఇండియన్ కార్న్ అన్నాడు. ఆ పైరు చాటున తెల్ల పటాలం ఫ్రెంచివాళ్ల కంట పడలేదు. వాళ్లకు కనిపించినవాళ్లు ఎడమవైపున్న ఎర్రకోట్ల సిపాయిలు. దక్షిణాదిలో అంతకుముందు ఫ్రెంచివాళ్లు చూసిన ఇంగ్లిషు సిపాయిలవి తెల్లబట్టలు. కాబట్టి ఎర్రకోటు కనబడితే తెల్లవాడే అనుకున్నారు. పైగా సిపాయిల చేతుల్లోని చిన్న జెండాలను చుట్టేసి కింద పెట్టమని ఫోర్డు ముందే ఉత్తర్వు ఇచ్చాడు. జెండాలుంటే సిపాయిలని తెలిసిపోయేది. ఫ్రెంచి తెల్ల పటాలం తిన్నగా వాళ్ల మీదికి వెళ్లింది. సిపాయిలు కాసేపు ఆగి చెదిరిపోయారు. గెలిచామనుకున్న ఫ్రెంచివాళ్లు వరస తప్పి వెంటబడ్డారు. అప్పుడు చేను పక్కనుంచి ఫోర్డు తెల్ల పటాలం బయటికొచ్చి పక్క నుంచి కాల్చింది. ఫ్రెంచివాళ్లు వెనకనున్న ఫిరంగుల దగ్గరికి పరుగెత్తారు. ఆ ఫిరంగులు పోయాయి, తరవాత శిబిరం పోయింది. కాన్‌ఫ్లాన్స్ రాజమండ్రి వైపు పారిపోయాడు.

దీన్ని బల్ల మీదికి తేవడంలో పెద్ద చిక్కుంది. అందరికీ కథ తెలుసు. చేనులో ఎవరున్నారో తెలిసినవాడు చేను పక్కనుంచి ఎందుకు వెళ్తాడు? చదరంగంలో ఎదుటివాడి బలగమంతా కళ్ల ముందే ఉంటుంది. యుద్ధంలో సేనాని కళ్లకు ఆనేది అందులో కొంతే. 1824లో ప్రష్యాలో రైస్విట్జ్ అనే యువ సైనికాధికారి తయారుచేసిన క్రీగ్‌స్పీల్ అనే ఆటకు ఊపిరి అదే. రెండు పక్షాలు, మధ్యలో ఒక అంపైర్. నీ దళానికి కనిపించేది ఏదో అంతవరకే ఆయన చెబుతాడు. ఆ ఆటతో ప్రష్యా తన సైనికాధికారులకు శిక్షణ ఇచ్చింది. 1913లో నవలా రచయిత హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం రాసి దీన్ని ఇళ్లలోకి తెచ్చాడు. అందులో స్ప్రింగు ఫిరంగులతో బొమ్మలను పడగొడతారు, చూడముచ్చటగా ఉంటుంది. కానీ కనబడనిదాని భయం అందులో తక్కువ. నా మనసు ప్రష్యా పద్ధతి వైపే.

మాకు అంపైర్ సైనిక్‌పురిలో ఉండే సుబేదార్ సాబ్. ఫిరంగి దళంలో చేసి రిటైరైన మనిషి. కాప్రా చుట్టుపక్కల ఇలాంటి ఆటకు ఉన్న అదృష్టం అదే. సైన్యంలో పనిచేసినవాళ్లు వీధికి ఇద్దరు ముగ్గురు దొరుకుతారు, దూరాలు అంచనా వేయడంలో వాళ్ల కన్ను వేరు. చిక్కును విడదీసింది ఆయనే. ఒక చేను బదులు మూడు చేలు వేయించారు. మూడు ఎర్రదళాలకు మూడు చీటీలు రాసి మడిచి తన దగ్గరే పెట్టుకున్నారు. ఏ దళం తెల్లవాళ్లదో, ఏవి సిపాయిలవో, ఏ చేను ఖాళీయో ఆయనకూ ఇంగ్లిషు వైపు ఆడేవాళ్లకూ తప్ప ఎవరికీ తెలియదు. కథ తెలిసినా ఉపయోగం లేకుండా పోయింది.

ఆ ఆదివారం కాన్‌ఫ్లాన్స్‌గా ఆడింది మాలో చిన్నవాడు, ఇంజనీరింగ్ చదువుతున్న అబ్బాయి. ఓర్మ్‌ను మా అందరికన్నా శ్రద్ధగా చదివి వచ్చాడు. మొదట చాలా జాగ్రత్తగా నడిపించాడు. తెల్ల పటాలాన్ని వెనక ఉంచి సిపాయిలను ముందుకు తోశాడు, చేలకు దూరంగా జరిగాడు. ఎడమ వైపున్న ఎర్రదళం ధైర్యం తేల్చే పాచికల్లో రెండు వరస ఒకట్లు పడి వెనుదిరిగింది. అబ్బాయి చెయ్యి తెల్ల పటాలం మీదికి వెళ్లింది.

“సోచ్ కే చలో బేటా” అన్నారు సుబేదార్ సాబ్.

“ఇప్పుడు తరమకపోతే మళ్ల కూడుకుంటరు సార్. ఇంతకంటె మంచి మోకా మళ్ల రాదు.”

“చేన్ల ఎవరున్నరో చూసినవా?” అని అడిగాడు పక్కన కూర్చున్న మిత్రుడు.

“కనవడ్తలేదు కదన్నా. కనవడనిదానికి ఎంతసేపు భయపడాలె?”

తరిమాడు. ఫలితం 1758లో వచ్చినదే. మూడో చీటీ విప్పాక అబ్బాయి చాలాసేపు బల్ల చుట్టూ తిరిగి, తన దళం ఉన్న చోట తల వంచి, బొమ్మల ఎత్తులో కన్ను పెట్టి చూశాడు. అక్కణ్నుంచి చేను ఒక గోడలాగే ఉంది. “ఆయనది తప్పు కాదు సార్” అన్నాడు.

ఈ పని మీద నాకున్న మమకారమంతా ఆ మాటలో ఉంది. మనం చదివే చరిత్రలో ఓడినవాడు మొదటి వాక్యం నుంచే ఓడిపోయి ఉంటాడు. కాన్‌ఫ్లాన్స్‌ను అసమర్థుడని తేల్చిన రాతలు చాలా ఉన్నాయి. బల్ల దగ్గర నిలబడి, ఆయనకు కనిపించినంతే చూసి, ఆయనకున్నంత వ్యవధిలోనే నిర్ణయం తీసుకున్నవాడు ఆ మాట అంత తేలిగ్గా అనలేడు.

ఇంకొకటి కూడా బల్ల మీదే కనబడింది. ఆ ఎడమవైపు సిపాయిలు. జెండాలు చుట్టించి, తెల్లవాళ్లనిపించేలా నిలబెట్టి, ఫ్రెంచి పటాలం దెబ్బ తగిలే చోట వాళ్లను ఉంచారు. వాళ్లు చెదిరిపోయారని చరిత్రలు ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగుతాయి. ఒక్కో తలపాగా చేత్తో చుట్టినవాడికి ఆ ముక్క దగ్గర ఆగాలనిపిస్తుంది. వాళ్లు ఆగి కాల్చి, చెదిరి, శత్రువును వెంట రప్పించారు కాబట్టే చేనులో ఉన్నవాళ్లకు గెలుపు దక్కింది. నా లెక్కలో ఆ రోజు యుద్ధం గెలిపించింది వాళ్లే.

అన్ని యుద్ధాలూ మేం ఆడం. బొబ్బిలిని ఆడదామన్న మాట చాలాసార్లు వచ్చింది. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులకు మట్టికోట బురుజులు ఎలా తట్టుకున్నాయో, ఎక్కడ కూలాయో బల్ల మీద చూడొచ్చు, అందులో నేర్చుకునేది ఉంది. గోడ లోపల జరిగింది మాత్రం ఆటలోకి రాదు. ఆడవాళ్లనూ పిల్లలనూ శత్రువుల చేతికి చిక్కనివ్వకుండా సొంతవాళ్లే చంపుకున్న చోట పాచికలు వేయడానికి నాకు చేతులు రావు. 1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్ కూడా అంతే. ఆ రోజులు చూసినవాళ్లు, చూసినవాళ్ల పిల్లలు ఈ వీధుల్లోనే ఉన్నారు. ఈ నియమానికి మా బృందంలో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. కారంపూడిలో ఏటా పల్నాటి వీరుల ఆయుధాలకు పూజ చేస్తారు. అది వాళ్ల తాతముత్తాతల స్మృతి. దాన్నీ బల్ల మీదికి తెచ్చే హక్కు మాకుందనుకోను.

బొబ్బిలికి బుర్రకథ ఉంది, 1964లో వచ్చిన సినిమా ఉంది. పల్నాడుకు శ్రీనాథుడి పేర వచ్చిన కావ్యమే ఉంది. చందుర్తి పేరు తెలుగు ఇళ్లలో అంతగా వినబడదు. కానీ తెలుగు నేల ఎవరి చేతికి పోవాలో తేల్చడంలో దాని పాత్ర బొబ్బిలి కన్నా పెద్దది. చందుర్తి గెలుపుతోనే ఫోర్డు మచిలీపట్నం దాకా నడిచాడు. 1759 ఏప్రిల్‌లో రాత్రివేళ కోట మీద పడి పట్టుకున్నాడు. ఆ వెంటనే హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ ఫ్రెంచివాళ్లను వదిలి ఇంగ్లిషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. 1766 నాటికి ఉత్తర సర్కారులు కంపెనీ పాలయ్యాయి.

హైస్కూళ్లలో సాంఘిక శాస్త్రం చెప్పే టీచర్లకు ఒక మనవి. ఈ పాఠానికి మూడు వందల బొమ్మలు అక్కర్లేదు. నల్లబల్ల మీద రెండు సైన్యాలు, మధ్యలో ఒక చేను గీయండి. చేను వెనక ఎవరున్నారో చెప్పకండి. ఎర్రకోట్ల దళం పారిపోతోంది, కాన్‌ఫ్లాన్స్ మీరైతే ఏం చేస్తారని పిల్లలను అడగండి. జవాబులన్నీ విని, వాళ్లను కాసేపు వాదించుకోనివ్వండి. ఎవరు గెలిచారో ఆ తరవాత చెప్పండి.